సున్నా రుమాళ్లు

పత్రికలో అతని శీర్షిక పేరు ‘ఇంటి తెర’. ప్రతి శుక్రవారం ఐదో పేజీలో ఎడమవైపు వచ్చేది. ఇంట్లో సోఫాలో కాళ్లు ముడుచుకుని చూడదగ్గ సినిమాలు, సిరీస్‌లు ఏవో చెప్పడం అతని పని. నవ్వించేవాటిని, భయపెట్టేవాటిని వేరేవాళ్లు చూసుకునేవారు. ఏడిపించేవి మాత్రం ఇతని వాటా. అందరూ ఇచ్చే నక్షత్రాలు అతను ఇచ్చేవాడు కాదు, రుమాళ్లు ఇచ్చేవాడు. కళ్లు చెమ్మగిల్లితే ఒకటి, ముక్కు కూడా చీదాల్సి వస్తే రెండు, పక్కగదిలోవాళ్లు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగేటంత అయితే మూడు. మూడు రుమాళ్ల బొమ్మ పడిందంటే ఇక ఆ శనాదివారాలు సగం ఊరు ముక్కులు చీదుకుంటూ ఉండాల్సిందే. ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ రుమాలుగారే.

రుమాలుగారు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క సినిమాకీ ఏడవలేదు. ఏడ్చేవాళ్లంటే అతనికి మహా చులకన. ‘మీరు చెప్పిన సినిమా చూసి మూడు రోజులు అన్నం సయించలేదండీ’ అని ఉత్తరాలొస్తే వాటిని పక్క టేబులాయనకి చదివి వినిపించి, “పాపం, బియ్యం మిగిలాయి” అనేవాడు.

అతని పనితీరు కూడా ఈ చులకనకు తగ్గట్టే ఉండేది. వారానికి ఆరు సినిమాలు, రెండు సిరీస్‌లు తెమల్చాలి. మామూలు వేగంతో చూస్తూ కూర్చుంటే ఎప్పటికి తెములుతాయి? అందుకని రెట్టింపు వేగం పెట్టేవాడు. ఫోన్లు మాట్లాడుకోవడానికి వీలుగా శబ్దం తీసేసేవాడు. ఎవరైనా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారంటే చాలు, బొటనవేలు దానంతటదే పది సెకన్లు ముందుకు తోసేసేది. ఎన్నో నిమిషంలో ఎవరు పోయారో, ఎన్నో నిమిషంలో ఉత్తరం దొరికిందో ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. మొదటి పావుగంటలో ఎవరైనా దగ్గితే వాళ్లు పోతారు. కుక్కకి ముద్దుపేరు పెడితే కుక్క పోతుంది. తండ్రీ కొడుకూ మాట్లాడుకోకపోతే బీరువాలో ఒక పాత పెట్టె ఉండి తీరుతుంది. ఈ మూడూ తెలిస్తే చాలు, మిగతాది జనం కళ్లే చూసుకుంటాయని అతని లెక్క.

ఇలాంటి మనిషికి ఒక అక్క ఉంది. అతనికన్నా ఆరేళ్లు పెద్దది. మూడు బస్టాపుల అవతల, నాలుగో అంతస్తులో ఉంటుంది. ఎనిమిది నెలల కిందట ఆమె భర్త పోయాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏదో పెద్ద భవనంలో చెడిపోయిన లిఫ్టు బాగుచెయ్యడానికి మెట్లెక్కి పైకి వెళ్తూ, ఏడో అంతస్తు దగ్గర గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు.

అక్క ఏడవలేదు. ఆ రోజూ ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేసింది, మంచినీళ్లిచ్చింది, వెళ్లేవాళ్లని లిఫ్టు దాకా సాగనంపింది. చుట్టాలు మొదటివారం గట్టిమనిషి అన్నారు. రెండోవారం ముక్కున వేలేసుకున్నారు. నెల తిరిగేసరికి రాతిమనిషి అని తేల్చేసి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. తమ్ముడు బావ పోయిన రోజు మధ్యాహ్నం దాకా ఉన్నాడు. సాయంత్రానికి ఇవ్వాల్సిన శీర్షిక ఉందని వెళ్లిపోయాడు.

ఆర్నెల్లు గడిచాక, నర్సు చదువు చదువుతున్న మేనకోడలు అతనికి ఫోన్ చేసింది.

“మావయ్యా, అమ్మ ఇంకా ఏడవలేదు.”

“మంచిదేగా?”

“మంచిదేంటి నీ మొహం. తిండి సగానికి సగం తగ్గిపోయింది. చెయ్యి ఊరుకోదు. ఉతికినవే మళ్లీ ఉతుకుతోంది. ఏమైనా అడిగితే బానే ఉన్నానంటుంది. లోపల గడ్డకట్టుకుపోతోంది మావయ్యా, నాకు భయంగా ఉంది. నువ్వు ఊరందరినీ ఏడిపిస్తావుగా, మా అమ్మ ఒక్కర్తినీ ఏడిపించలేవా?”

పిల్ల గొంతు వణికింది. రుమాలుగారికి ఆ వణుకు వినపడలేదు. ‘ఊరందరినీ ఏడిపిస్తావుగా’ అన్నది మాత్రం చక్కగా వినపడింది. ఇదెంతసేపు పని అనుకున్నాడు. ఆ ఆదివారమే వెళ్లి అక్క టీవీలో తన అకౌంటు పెట్టి, ఏడు సినిమాల జాబితా రాసిచ్చాడు. ఏడూ మూడేసి రుమాళ్లవే.

అక్క బుద్ధిగా ఒక్కొక్కటే చూసింది. వారం తరవాత అతను ఫోన్ చేశాడు.

“ఆ కుక్క సినిమా చూశావా?”

“చూశాన్రా. బాగుంది. పాపం దాన్నలా వానలో కట్టెయ్యకుండా ఉండాల్సింది.”

“ఏడుపు రాలేదా?”

“దేనికి? సినిమా కుక్కే కదరా. షూటింగు అవగానే తుడిచి బిస్కెట్లు పెట్టుంటారు.”

పెళ్లికి ముందు రోగమొచ్చి పోయే అమ్మాయి సినిమా చూసి, “అన్ని నెలలు మంచంలో ఉన్నా జుట్టు చెదరలేదేంటిరా ఆ పిల్లకి? దుప్పటి కూడా నలగలేదు” అంది. తండ్రీ కూతుళ్ల సిరీస్ పది భాగాలూ చూసి, “అంతా బానే ఉంది గానీ, ఆ తండ్రి ఏం పనిచేస్తాడో చివరిదాకా చెప్పలేదు. పొద్దున్నే టై కట్టుకుని ఎక్కడికెళ్తాడురా?” అని అడిగింది. ఏడు సినిమాలూ అయ్యాయి, కన్ను చెమ్మగిల్లలేదు. ఇంకో ఏడు రాసిచ్చాడు. అవీ అయ్యాయి.

రుమాలుగారికి తల కొట్టేసినట్టయింది. అక్క ఏమైపోతుందోనన్న బెంగ కాదది, తన రుమాళ్ల పరువు పోతోందన్న ఉక్రోషం. మేనకోడలితో, “మీ అమ్మకి అసలు కన్నీళ్లు ఊరతాయో లేదో ముందు మీ కాలేజీ డాక్టరుకి చూపించు” అన్నాడు. ఆ పిల్ల ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఆ రోజుల్లోనే అతని ముందుకు ఒక చిన్న సినిమా వచ్చింది. పేరున్న నటులెవరూ లేరు, పాటలు లేవు, పెద్దగా మాటలు కూడా లేవు. ఐదో పేజీలో ఆరంగుళాలు ఖాళీ ఉంది, ఏదో ఒకటి రాసి నింపమన్నాడు సంపాదకుడు. రుమాలుగారు దాన్ని బ్యాంకువాళ్లతో ఫోన్లో పోట్లాడుతూ చూశాడు. మొగుడు పోయిన ఒకావిడ చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పది సెకన్లు తోశాడు. ఇంకా కూర్చుంది. మళ్లీ తోశాడు. చొక్కా జేబు మీద చెయ్యి కదులుతోంది. ఇంకో నాలుగుసార్లు తోసేసరికి సినిమా ఒడ్డున పడింది. అతను ఇలా రాశాడు:

‘ఇందులో ఎవరూ ఏడవరు, ఎవరినీ ఏడిపించరు. కథానాయిక చొక్కా జేబు మీద ఏదో కుట్టుకుంటూ పుణ్యకాలం కాస్తా గడిపేస్తుంది. కుట్టుపని నేర్చుకునేవారికి పనికిరావచ్చు. సున్నా రుమాళ్లు.’

సున్నా ఇవ్వడం అదే మొదటిసారి. సున్నాకి బొమ్మ ఏం వెయ్యాలని సంపాదకుడు కడుపుబ్బ నవ్వి, చివరికి ఖాళీ గడి వేయించాడు.

పదిరోజులకి పత్రిక మెయిల్‌కి ఒక ఉత్తరం వచ్చింది. కింద పేరు లేదు, ‘ఒక పాఠకురాలు’ అని ఉంది.

‘అయ్యా, మీరు సున్నా ఇచ్చిన సినిమా చూశాను. ఆమె కుట్టడం లేదండీ, విప్పుతోంది. అతని యూనిఫాం కంపెనీకి తిరిగివ్వాలి కాబట్టి జేబు మీదున్న పేరు విప్పుతోంది. మధ్యలో ఒక అక్షరం దగ్గర బ్లేడు పక్కన పెట్టి గోటితో తీసింది. నేను ఆ ఒక్క చోటే చాలాసార్లు చూశాను. అలాంటి సినిమా ఇంకొకటి ఉంటే దయచేసి చెప్పగలరు.’

రుమాలుగారికి ఒళ్లు మండిపోయింది. పదేళ్లుగా రాస్తున్నాడు, తప్పు చూపించినవాళ్లు లేరు. నిజంగా విప్పుతోందా, కుడుతోందా అని ఒకసారి సినిమా పెట్టి చూసుకుంటే నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలు అతనికి లేవు. ఎగతాళి రాయడానికి మాత్రం గంటన్నర దొరికింది. ఆ శుక్రవారం ఉత్తరాన్ని పూర్తిగా అచ్చువేసి, కింద తన జవాబు పెట్టాడు:

‘కుట్టినా విప్పినా చొక్కా చొక్కాయే తల్లీ. అది చూసి కరిగిపోయారంటే తమకు గుండె ఉండాల్సిన చోట గుండీ ఉన్నట్టుంది. ఇలాంటివే ఇంకా కావాలంటే వీధి చివర దర్జీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చోండి. రోజుకో సినిమా, నెలకో సిరీస్.’

ఆఫీసంతా విరగబడి నవ్వింది. సంపాదకుడు వచ్చి భుజం తట్టాడు. పక్క టేబులాయన గుండీ మాటని ఫోన్‌లో నలుగురికి పంపాడు.

ఆదివారం మధ్యాహ్నం మేనకోడలి దగ్గర్నుంచి ఫోను.

“మావయ్యా, ఓసారి ఇంటికి రా. అమ్మ ఏడ్చింది.”

“ఏడ్చిందా!” అని అతను కుర్చీలోంచి లేచాడు. “ఎంతసేపు?”

“పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండు దాకా. తరవాత కడుపునిండా తిని పడుకుంది. ఇప్పుడే లేచింది.”

“నేను చెప్పినవాటిలో ఏది?”

“నువ్వే వచ్చి అడుగు” అంది పిల్ల. గొంతులో సంతోషం ఉంది గానీ, దాని వెనక ఇంకేదో పళ్లు నూరుతూ ఉంది. రుమాలుగారు దాన్ని పట్టించుకోలేదు.

బస్సులో కూర్చుని వచ్చే శుక్రవారం శీర్షిక అల్లుకోవడం మొదలుపెట్టాడు. ‘మా ఇంట్లోనే ఒక రాయి ఉండేది’ అని మొదలుపెడితే బాగుంటుంది. అక్క అని చెప్పకూడదు, దగ్గరి బంధువు అనాలి. ఏ సినిమా అయి ఉంటుంది? పెళ్లికూతురిదా, సముద్రం ఒడ్డున తాతదా? ఏదైతేనేం, దానికి నాలుగో రుమాలు ఇచ్చేయాలి. చరిత్రలో మొదటిసారి నాలుగు. రెండు సినిమాలకి సరిపడా సంతోషంతో అతను నాలుగో అంతస్తు చేరాడు.

తలుపు పక్కన బావగారి పనిముట్ల పెట్టె ఎప్పట్లాగే ఉంది. అక్క సోఫాలో కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయాయి, ముక్కు ఎర్రబడింది. మొహం మాత్రం తేటగా ఉంది. ఎనిమిది నెలలుగా బిగబట్టిన భుజాలు కిందికి దిగి, పాత అక్కలా కనిపించింది. మేనకోడలు చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. టీవీ మీద ఒక బొమ్మ ఆగి ఉంది. నీలం గుడ్డ, దాని మీద ఒక ఆడమనిషి చేతివేళ్లు.

“ఇదేం సినిమా?” అన్నాడు రుమాలుగారు, కుర్చీలో కూర్చుంటూ.

మేనకోడలు అతనికేసి అదోలా చూసింది. “నీకు తెలీదా మావయ్యా?”

“నువ్వు సున్నా ఇచ్చిందిరా” అంది అక్క.

అతను నీళ్లు నమిలాడు. “అది... అదెందుకు చూశావు? నేను బాగాలేదనేగా రాసింది?”

“నువ్వు మూడిచ్చినవన్నీ చూశానుగా. ఏదీ నాకు పట్టలేదు. పోనీ సున్నా ఇచ్చింది ఎలా ఉంటుందో చూద్దామనుకున్నా.”

మేనకోడలు టేబుల్ మీది పత్రిక తీసి అతని ఒళ్లో పడేసింది. ఐదో పేజీ పైకి వచ్చేలా మడిచి ఉంది. “ఈ గుండీ ఆవిడ ఎవరో తెలుసా?” అంది.

“ఊరుకోవే” అంది అక్క.

తెలియడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. అచ్చులో తను పడేసిన ఒక్కొక్క మాటా ఇప్పుడు తిరిగొచ్చి మొహాన తగిలింది. చెవులు వేడెక్కాయి. సిగ్గుతో పత్రికని ఇంకా చిన్నగా మడిచాడు.

“నువ్వని తెలీదక్కా. తెలిస్తే రాసేవాణ్నా?”

“నేను కాకపోతే రాయొచ్చా?” అంది అక్క. కోపంగా అనలేదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది.

అక్కే మళ్లీ మాట్లాడింది. “గుండీ మాట బానే ఉందిలే. మీ బావ ఉంటే నవ్వేవాడు. ఆయనవి మూడు చొక్కాలురా, కంపెనీవి. ఆయన పోయిన ఇరవయ్యో రోజున ఫోన్ చేశారు. కొత్త మెకానిక్కుకి కొలత సరిపోతుందట, ఉతికి, ఇస్త్రీ చేసి, పేరు తీసేసి ఇవ్వమన్నారు. ఆ పేరు కంపెనీ మిషను కుట్టింది. వాడి వాడి దారం ఊడొస్తుంటే, ఊడిన అక్షరాలు నేనే చేత్తో కుట్టేదాన్ని. నేను కుట్టినవి నేనే విప్పాల్సొచ్చింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. కుట్లు మరీ గట్టిగా వేశానే అనుకున్నానంతే. పేరు పోయింది గానీ సూది చిల్లులు పోలేదు. గోటితో రుద్దాను, మీదనుంచి ఇస్త్రీ పెట్టాను. పోవే. ఆ సినిమాలో ఆవిడ కూడా అచ్చం అదే చేసింది. నాకు మతిపోయింది. ఇలా ఇంకొకళ్లు కూడా చేశారా అని.”

“మావయ్యకి మూడోదాని సంగతి చెప్పమ్మా” అంది మేనకోడలు. ఇప్పుడు దాని గొంతులో కోపం పోయింది.

“మూడోది ఇవ్వలేదు. పోయిందని అబద్ధం చెప్పాను. బీరువాలో పెట్టుకుని, వారానికోసారి ఉతికి ఆరేస్తున్నా. నిన్న మన లిఫ్టు ఆగిపోతే ఆ కొత్తాయన వచ్చాడు. మీ బావ చొక్కాయే వేసుకున్నాడు. జేబు మీద చిల్లులు కనిపించాయి. ‘ఒట్టి రెండింటితో నెట్టుకొస్తున్నానమ్మా, మూడోది పాతాయన ఇంట్లోవాళ్లు పోగొట్టారట, వానొస్తే తడిబట్టే గతి’ అన్నాడు. నేను మంచినీళ్లిచ్చి పంపించాను. ఇవాళ పొద్దున ఈ సినిమా పెట్టుకుని కూర్చుంటే ఇక ఆగలేదు.”

రుమాలుగారికి వెళ్లిపోవాలని ఉంది. లేచి చెప్పుల వైపు చూశాడు.

“కూర్చో” అంది అక్క. “ఆ ముక్క చూసి వెళ్లు.”

“చూశాను కదక్కా.”

“కుడుతోందని రాశావుగా. కూర్చో.”

కూర్చున్నాడు. అక్క రిమోట్ నొక్కింది. మామూలు వేగం, నిండు శబ్దం. నాలుగు నిమిషాలు. మొదటి నిమిషంలోనే అతని బొటనవేలు మోకాలి మీద కదలడం మొదలుపెట్టింది. రెండో నిమిషానికి బుర్రలో వచ్చే శుక్రవారం క్షమాపణ తయారవుతోంది. ‘కొన్నిసార్లు తీర్పు చెప్పేవాడే ముద్దాయి’ అన్న వాక్యం తట్టింది. బాగుందనుకుని మరిచిపోకుండా రెండుసార్లు మననం చేసుకున్నాడు. ఈలోగా ఆ ముక్క అయిపోయింది.

“చూశావా?” అంది అక్క.

“చూశాను. చాలా బాగుంది.”

“గోటితో తీసింది ఎన్నో అక్షరం?”

అతను తెరకేసి చూశాడు. పైకప్పుకేసి చూశాడు. “మూడోది” అన్నాడు.

మేనకోడలు ముక్కుతో నవ్వింది. అక్క తిట్టలేదు. రిమోట్‌ని అతని చేతికి అందకుండా అటుపక్కకి మార్చి, “వాడి ఫోన్ తీసుకోవే” అని, సినిమాని మళ్లీ వెనక్కి జరిపింది.

ఈసారి అతనికి చూడటం తప్ప ఇంకో దారి లేకపోయింది. బ్లేడు అంచు దారం కిందికి దూరడం, దారం తెగినప్పుడు చిన్న చప్పుడు రావడం, ఆమె ఆ ముక్కల్ని పారెయ్యకుండా అరచేతిలో పోగేసుకోవడం కనిపించాయి. ఐదో అక్షరం దగ్గర ఆమె ఆగింది. బ్లేడు పక్కన పెట్టింది. గోటితో మెల్లిగా ఒక్కో కుట్టూ లాగింది.

“ఐదోది” అన్నాడు రుమాలుగారు. “దాని దారం రంగు వేరుగా ఉంది. అది... ఆవిడే కుట్టినట్టుంది.”

“ఆఁ” అంది అక్క.

టీవీ ఆపేసి, లోపలికి వెళ్లి చొక్కా తెచ్చింది. ఉతికి ఉతికి దాని నీలం వెలిసిపోయింది. జేబు మీద బావగారి పేరు ఉంది. సగం అక్షరాలు మిషనువి, సగం అక్కవి. చొక్కాని తమ్ముడి ఒళ్లో పరిచి, బ్లేడు చేతికిచ్చింది.

“ఇది రేపు ఆ కొత్తాయనకి ఇచ్చేయాలి. రెండు విప్పాను. మూడోది నా వల్ల కాదురా. నువ్వు విప్పు.”

వద్దనడానికి అతను నోరు తెరిచాడు. అక్క వాచిన కళ్లు చూసి మూసుకున్నాడు. ఇదే బావ రుమాలుగారి పెళ్లిలో కరెంటు పోతే లిఫ్టులో ఇరుక్కున్న సంపాదకుణ్ణి బయటికి లాగాడు, పెళ్లిభోజనం కూడా నిలబడే తిన్నాడు. ఆ సంగతి అతనికి ఎనిమిది నెలల్లో ఒక్కసారీ గుర్తురాలేదు. మొదటి అక్షరం కింద బ్లేడు పెట్టాడు.

“అంత తొందరేంటి, గుడ్డ చిరుగుతుంది” అంది అక్క. “ఒక్కో కుట్టూ తియ్యి.”

ఒక్కో కుట్టే తీశాడు. పది సెకన్లు ముందుకు తోసే వీలు అక్కడ లేదు. మొదటి రెండు అక్షరాలు మిషనువి, సులువుగానే వచ్చాయి. మూడోదానికి వచ్చేసరికి దారం లావుగా, కుట్టు వంకరగా, బిగుతుగా ఉంది. అతను బ్లేడు పక్కన పెట్టి గోటితో పట్టుకోబోయాడు. పట్టు దొరకలేదు. చొక్కాని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. దారం ఎక్కడుందో, గుడ్డ ఎక్కడుందో తెలియడం లేదు.

“కాస్త లైటు వెయ్యవే” అన్నాడు మేనకోడలితో. “ఏమీ కనపడటం లేదు.”

“వేసే ఉంది మావయ్యా” అంది ఆ పిల్ల.